నల్లరేగడి పెరట్లో ఆకుకూరల లెక్క

హైదరాబాద్–విజయవాడ రహదారి మునేరును దాటే చోట ఉంది కీసర. ఇక్కడి నుంచి నందిగామ, జగ్గయ్యపేటల దాకా మెట్ట చేలల్లో పత్తి, మిరప ఎక్కువ. అమ్ముకునే పంట చేలో ఉన్నా, వండుకునే కూర కొనుక్కునే ఇళ్లు ఇక్కడా చాలానే ఉన్నాయి. రైతు సాధికార సంస్థ 2016 నుంచి నడుపుతున్న ప్రకృతి సాగు కార్యక్రమం పెరటి తోటలను కూడా ప్రోత్సహిస్తోంది. అయితే ఏ విత్తనం ఎప్పుడు వేయాలో తేల్చేది ఇక్కడి మట్టి, ఇక్కడి ఎండ.

నల్లరేగడిలో మాంట్‌మొరిల్లొనైట్ అనే బంకమట్టి ఖనిజం ఎక్కువ. తడిస్తే ఉబ్బుతుంది, ఎండితే బీటలు వారుతుంది. ముసురు పట్టినప్పుడు నీరు ఇంకక వేళ్లకు గాలి ఆడదు. అందుకే మళ్లను జానెడు ఎత్తు చేసి, బాగా చివికిన పశువుల ఎరువు కలపాలి. ఈ నేలల్లో సున్నం పాలు కూడా ఎక్కువే. ఇనుము మట్టిలో ఉన్నా నీటిలో కరగదు. అప్పుడు లేత ఆకులు పసుపుబారి, ఈనెలు మాత్రం పచ్చగా ఉంటాయి. ఎరువులోని సేంద్రియ ఆమ్లాలు ఆ ఇనుమును పట్టుకుని వేళ్లకు అందేలా చేస్తాయి.

బియ్యం, కూరగాయలు కడిగిన నీళ్లు పాదులకు మళ్లించవచ్చు. బట్టల సబ్బు నీళ్లు వద్దు. వాటిలోని సోడియం బంకమట్టి రేణువులను విడగొట్టి నేలను మరింత బిగుసుకుపోయేలా చేస్తుంది.

ఇక ఎండ. పగలు 35 డిగ్రీలు దాటి, రాత్రి కూడా వేడి తగ్గకపోతే టమాటా పుప్పొడి దెబ్బతిని పూత రాలిపోతుంది. అదే మే నెలలో తోటకూర ఏపుగా ఎదుగుతుంది. కారణం ఆకు లోపల ఉంది. బొగ్గుపులుసు వాయువును పట్టే రుబిస్కో అనే ఎంజైము వేడి పెరిగేకొద్దీ పొరపాటున ఆక్సిజన్‌ను ఎక్కువగా పట్టుకుంటుంది, మొక్క కష్టం వృథా అవుతుంది. తోటకూర ఆ వాయువును ముందే ఈనెల చుట్టూ ఉన్న కణాల్లోకి చేర్చి చిక్కబరుస్తుంది కాబట్టి నష్టం బాగా తగ్గుతుంది. జొన్న, మొక్కజొన్న, చెరకులదీ ఇదే పద్ధతి. వీటిని సీ4 మొక్కలంటారు.

పందిరి చిక్కుడు పగటి నిడివిని బట్టి నడుస్తుంది. నాటు రకాలను ఎంత ముందు విత్తినా, పగళ్లు కురచయ్యాకే పూస్తాయి. ఆషాఢంలో గింజ వేస్తే సంక్రాంతి నాటికి కాయ విరివిగా దొరుకుతుంది. పైగా దాని వేరు బుడిపెల్లోని రైజోబియం బాక్టీరియా గాలిలోని నత్రజనిని మొక్కకు అందిస్తుంది.

పెరడు ఇంటికి ఎంతవరకు సరిపోతుంది? పప్పు, బియ్యం, నూనె పెరట్లో తేలవు. కూరల సంగతి వేరు. హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ 2024 మార్గదర్శకాల ప్రకారం మనిషికి రోజుకు 400 గ్రాముల కూరగాయలు కావాలి, అందులో 100 గ్రాములు ఆకుకూరలు. నలుగురున్న ఇంటికి నెలకు 12 కిలోల ఆకుకూర అన్నమాట. తోటకూర చదరపు మీటరుకు కిలో చొప్పున వచ్చినా 12 చదరపు మీటర్లు చాలు. సెంటులో మూడో వంతు కూడా కాదు. ఆ జాగాను మూడేసి చదరపు మీటర్ల నాలుగు మళ్లుగా చేసి, వారానికొక మడి విత్తుకుంటే, నెల తిరిగేసరికి మొదటి మడి కోతకు వస్తుంది. అది ఖాళీ అయ్యాక గుప్పెడు ఎరువు చల్లి మళ్లీ విత్తుకోవచ్చు.