సత్తు గిన్నెలో పులుసు పెట్టొచ్చా?

కోస్తా జిల్లాల్లో సత్తు గిన్నె అంటారు. తెలంగాణలో అదే గిన్నె సిల్వర్ గిన్నె. వెండికీ దానికీ ఏ చుట్టరికమూ లేదు సుమండీ! తెల్లగా మెరుస్తుంది కాబట్టి ఆ గౌరవం దక్కింది, అంతే. హైదరాబాదు పాతబస్తీ వాళ్ల నోట బగోనా అయినా, మన నోట తపేలా అయినా, అసలు సరుకు అల్యూమినియం రేకే.

ధూల్‌పేట్ అనగానే మనకి వినాయకచవితి విగ్రహాలు, సంక్రాంతి పతంగులు గుర్తొస్తాయి. అక్కడ చాలామందికి ఇల్లే కార్ఖానా. పండగల ముందు ఆడవాళ్ల చేతులకి ఒక్క క్షణం తీరిక ఉండదు. అలాంటి ఇంట్లో గిన్నె త్వరగా వేడెక్కాలి, గ్యాసు ఆదా కావాలి, ధర అందుబాటులో ఉండాలి. ఈ మూడూ తీర్చేది సత్తు గిన్నే. కానీ ఇప్పుడు ఎవరి ఫోను చూసినా ఒకటే హెచ్చరిక... "అల్యూమినియం విషం, వెంటనే పారేయండి!" అన్నీ పారేసి కొత్తగా స్టీలు కొనుక్కునే స్తోమత అందరికీ ఉండొద్దూ? అందుకే దేనికి భయపడాలో, దేనికి అక్కర్లేదో విడదీసి చూద్దాం.

ధూల్‌పేట్‌కి దగ్గర్లోనే ఉంది బేగంబజార్. పెళ్లిసారె గిన్నెల కోసం ఊళ్ల నుంచి వచ్చేవాళ్లకి ఆ వీధులు కొత్త కాదు. అక్కడ వరసలుగా పేర్చిన సత్తు గిన్నెలు చాలావరకు గుండ్రంగా కత్తిరించిన రేకు నుంచే తయారవుతాయి. ఆ బిళ్లని అచ్చులో పెట్టి నొక్కుతారు, లేదా గిర్రున తిరిగే యంత్రానికి బిగించి కడ్డీతో ఒత్తుతూ గిన్నె ఆకారం తెస్తారు. గిన్నె లోపల సన్నటి గీతలు గుండ్రంగా కనబడతాయే, అవి ఆ తిప్పుడు గుర్తులు. రేకు మందాన్ని గేజీల్లో చెబుతారు. ఇక్కడ ఒక తిరకాసు ఉంది: నెంబరు పెరిగేకొద్దీ రేకు పలచన! 16 గేజీ రేకు సుమారు 1.6 మిల్లీమీటర్లు, 20 గేజీ 0.9, 24 గేజీ అయితే అరమిల్లీమీటరు పైచిలుకు. పలచటి గిన్నె చవగ్గానే వస్తుంది గానీ, నాలుగు రోజులకే సొట్టలు పోతుంది, అడుగు వంకర తిరుగుతుంది. రోజూ వండే గిన్నెకి మందపు రేకే మేలు.

మన దక్షిణాదిలో ఈ సామాను వాడకం నూరేళ్ల పైమాటే. 1898లో మద్రాసు ఆర్ట్స్ స్కూల్లో ఆల్‌ఫ్రెడ్ చాటర్టన్ అనే ఇంగ్లీషు ఇంజనీరు అల్యూమినియం పాత్రల తయారీ మొదలుపెట్టించాడు. అంతవరకూ ఇత్తడి, రాగి పాత్రలకి కళాయి పోయించుకోలేక విసిగిన ఇల్లాళ్లకి ఇది ఎంత సుఖమనిపించిందో ఊహించుకోవచ్చు.

ఈ లోహం గొప్పతనం రెండు మాటల్లో చెప్పాలంటే తేలిక, వేడి. ఉక్కు బరువులో మూడోవంతే ఉంటుంది. స్టెయిన్‌లెస్ స్టీలుకంటే దాదాపు పదిహేను రెట్లు బాగా వేడిని పాకిస్తుంది. సర్వపిండి చేసేవాళ్లకి ఈ సంగతి పుస్తకం చదవకుండానే తెలుసు. బియ్యప్పిండి, నువ్వులు, శనగపప్పు, ఉల్లికాడలు కలిపిన ముద్దని గిన్నె లోపల అంచుల దాకా ఒత్తి, వేలితో చిల్లులు పెట్టి, నూనె చుక్కలు వేసి మూత పెడతారు. మంట తగిలేది అడుక్కే, కానీ పక్కలు కూడా ఎర్రగా కాలాలి. పలచటి స్టీలు గిన్నెలో అయితే మధ్యలో మాడుతుంది, అంచులు పచ్చిగా ఉంటాయి. సత్తు గిన్నెలో వేడి గోడల వెంట పైదాకా పాకుతుంది. అట్టు అట్టంతా ఒకేలా కరకరలాడుతుంది. ఒక్క మాట, మామూలు సత్తు గిన్నె ఇండక్షన్ పొయ్యి మీద పనిచేయదు.

ఇక అసలు ప్రశ్న. అల్యూమినియానికి గాలి తగలగానే దాని పైన కంటికి కనపడని ఒక పొర ఏర్పడుతుంది. తుప్పు పట్టకుండా కాపాడేది ఆ పొరే. పాలు, అన్నం, పప్పు, ఉడకబెట్టిన కూరలు ఆ పొరని పెద్దగా ఏమీ చేయవు. పులుపు మాత్రం దాన్ని కరిగిస్తుంది. నల్లబడ్డ గిన్నెలో చింతపండు నీళ్లు మరిగిస్తే తళతళ్లాడుతుందని మన పెద్దవాళ్లు చెప్పేవారు, నిజమే. చింతపండు ఆ నలుపుని ఎలా తీసిందో, పులుసు కాచినప్పుడు లోహాన్నీ కాస్త అలాగే తీసుకుంటుంది. గిన్నె తోమిన నీళ్లు పారబోస్తాం, పులుసు మాత్రం తాగుతాం! పులుసు, చారు, టమాటా పచ్చడి, మజ్జిగ పులుసు స్టీలులోనో మట్టికుండలోనో చేసుకోండి. తప్పనిసరై సత్తు గిన్నెలో చేస్తే దించగానే వేరే గిన్నెలోకి వంచేయండి. రాత్రంతా అందులో ఉంచడమే ఎక్కువ చెరుపు. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో విడుదల చేసిన ఆహార మార్గదర్శకాలు కూడా చట్నీలు, సాంబారు లాంటి పుల్లటివి అల్యూమినియం పాత్రల్లో నిలవ ఉంచొద్దనే చెప్పాయి.

మతిమరుపు జబ్బు వస్తుందన్న ప్రచారం సంగతేమిటి? అల్జీమర్స్‌కీ అల్యూమినియానికీ సంబంధం ఉందన్న అనుమానం 1960లలో కుందేళ్ల మీద చేసిన ప్రయోగాల నుంచి బయల్దేరింది. తర్వాత ఎన్ని పరిశోధనలు జరిగినా వంటపాత్రల వల్ల ఆ జబ్బు వస్తుందని రుజువు కాలేదు. శరీరంలోకి వెళ్లిన అల్యూమినియంలో చాలా కొద్దిభాగమే రక్తంలో కలుస్తుంది. దాన్ని మూత్రపిండాలు బయటికి పంపేస్తాయి. కిడ్నీ జబ్బు ఉన్నవాళ్లు మాత్రం డాక్టరుని అడిగి జాగ్రత్తపడాలి. అంతర్జాతీయ నిపుణుల సంఘం 2011లో పెట్టిన హద్దు ప్రకారం కిలో బరువుకి వారానికి 2 మిల్లీగ్రాములు, అంటే 50 కిలోల మనిషికి 100 మిల్లీగ్రాములు. పులుపు విషయం పాటిస్తే సత్తు గిన్నెలో అన్నం వండుకున్నందుకు బెంగపడనక్కర్లేదు.

నన్నడిగితే అంతకంటే పెద్ద భయం వేరే ఉంది. అది సీసం. పాత ఇంజను ముక్కలు, రకరకాల తుక్కు కలిపి కరిగించి పోతపోసిన గిన్నెల్లో సీసం చేరే అవకాశం ఉంది. 2017లో వెలువడిన ఒక పరిశోధనలో మనదేశంతో సహా పది దేశాల నుంచి తెచ్చిన 42 అల్యూమినియం పాత్రల్ని పరీక్షిస్తే దాదాపు మూడోవంతు సీసం విషయంలో ప్రమాదకరంగా తేలాయి. 2025 ఆగస్టులో అమెరికా ఆహార, ఔషధ సంస్థ కూడా కొన్ని దిగుమతి పాత్రల గురించి హెచ్చరించింది. వాటిలో హిండాలియం రకం పేరు కూడా ఉంది. అమ్మాయి అమెరికా వెళుతుంటే సూట్‌కేసులో కడాయి సర్దే తల్లులు ఇది గమనించాలి. సీసం రుచి ఉండదు, వాసన ఉండదు. ఎంత తోమినా పోదు. పసిపిల్లల మెదడుకి అది ఎంత కొంచెమైనా చేటే.

మరి ఎలా పోల్చుకోవడం? ఇంట్లో చేసే పరీక్ష ఏదీ లేదు. కొనేటప్పుడే చూసుకోవాలి. 2024 మార్చిలో కేంద్ర ప్రభుత్వం అల్యూమినియం, స్టీలు పాత్రలకి ఐ.ఎస్.ఐ. గుర్తు తప్పనిసరి చేస్తూ ఉత్తర్వు ఇచ్చింది. అల్యూమినియం పాత్రల ప్రమాణం నెంబరు ఐ.ఎస్. 1660. గిన్నె అడుగున గుర్తు, నెంబరు చూపించమని షాపువాణ్ణి అడగండి, మొహమాటపడకండి. పైన గరుకుగా, సన్నటి గుంటలతో, మందంగా, ఎక్కడ పోశారో తెలియని పాత పోత కడాయి ఉంటే స్నానాల నీళ్లకో, తులసి మొక్కకో కేటాయించండి. బొమ్మల పని, రంగుల పని చేసే ఇళ్లలో మరో జాగ్రత్త కావాలి. రంగు కలిపిన గిన్నె, జిగురు కాచిన గిన్నె మళ్లీ పొయ్యి మీదికి రాకూడదు. వాటి చెవికి ఒక ఎర్రగుడ్డ పీలిక కట్టి ఉంచితే పిల్లలైనా పొరబడరు.

తోమేటప్పుడు బట్టల సోడా, కట్టెల బూడిద వద్దు. క్షారం ఈ లోహాన్ని తినేస్తుంది. మెత్తటి పీచు, గిన్నెల సబ్బు చాలు.

రేకు వంటకే కాదు. పొయ్యి వెనక గోడకి ఒక అల్యూమినియం రేకు బిగిస్తే నూనె మరకలు తుడుచుకోవడం సుఖం. కాకపోతే తడి ఆరని సిమెంటు మీద, కొత్త సున్నం మీద బిగించకండి, రేకు చిల్లులు పడుతుంది. రాగి, ఇనుప మేకులు తడిచోట వాడినా అంతే. స్టీలు స్క్రూ కింద రబ్బరు వాషరు వేయించండి.

పాతబస్తీ మిఠాయిల మీద వేసే వెండి వర్ఖు బదులు కొందరు అల్యూమినియం రేకు అంటించే మోసం కూడా ఉంది. చిన్న ముక్క తీసి రెండు వేళ్ల మధ్య నలపండి. అసలు వెండి అయితే మాయమైపోతుంది, నకిలీది తునకలు తునకలుగా మిగులుతుంది.

వరలక్ష్మీవ్రతం ముందు నల్లబడ్డ వెండి కుందులు తీశారా? ఒక గిన్నెలో వంటింటి అల్యూమినియం ఫాయిల్ పరిచి, కుందులు దానికి తగిలేలా పెట్టి, లీటరు మరుగునీళ్లకి రెండు చెంచాల తినేసోడా, ఒక చెంచా ఉప్పు చొప్పున వేసి పోయండి. కాస్త కుళ్లిన గుడ్డు వాసన వస్తుంది, కంగారుపడకండి. వెండిని పట్టుకున్న నలుపు ఫాయిల్ మీదికి వెళ్లిపోతుంది. అయిదు నిమిషాల్లో తీసి కడిగి తుడిచేయండి. రాళ్లు పొదిగినవి, ముత్యాలున్నవి మాత్రం ఇందులో వేయొద్దు.