రూము ఎక్కడో తేలాకే టికెట్టు

నరసరావుపేటలో, పిడుగురాళ్లలో ఇప్పుడు బ్యాంకాక్ ప్యాకేజీ కొనుక్కోవడం పెద్ద పని కాదు. కరపత్రం చేతికిస్తారు. నాలుగు రాత్రులు, ఐదు పగళ్లు. పట్టాయాలో రెండు రాత్రులు, బ్యాంకాక్‌లో రెండు. పొద్దున టిఫిను, రాత్రికి ఇండియన్ భోజనం, మధ్యలో పడవ షికారు. అన్నీ రాసి ఉంటాయి, హోటలు ఏ వీధిలో ఉందన్న సంగతి తప్ప. ‘త్రీ స్టార్ హోటల్, లేదా దానికి సమానమైనది’ అని ఒక ముక్క రాసి వదిలేస్తారు. తలకి ఎంత తగ్గిస్తారు, పిల్లలకి సగమేనా, లగేజీ ఎన్ని కిలోలు అని గట్టిగా బేరమాడేవాళ్లు కూడా ఆ ముక్క దగ్గర ఆగరు. ఆగాల్సింది అక్కడే అని నా వాదన. నాలుగైదు రోజులకి ఆసియా నగరానికి వెళ్లే కుటుంబానికి రూము ఎక్కడన్నదే మొదటి నిర్ణయం. ఊళ్లో తిరుగుడు ఖర్చు, కొనుగోళ్లు, పెద్దవాళ్ల ఓపిక దాన్నిబట్టే నడుస్తాయి. మనవాళ్లు మాత్రం టికెట్టు ముందు కొని, రూము సంగతి ఎదుటివాడికి వదిలేస్తున్నారు.

బ్యాంకాక్ లెక్కే చూద్దాం. 2024 జూలై నుంచి మన పాస్‌పోర్టు ఉన్నవాళ్లని థాయిలాండ్ వీసా లేకుండా 60 రోజుల దాకా ఉండనిచ్చింది. ఇలాంటి సడలింపులు మారుతుంటాయి కాబట్టి డబ్బు కట్టేముందు ఒకసారి సరిచూసుకోవాలి. 2025 మే 1 నుంచి విమానం దిగేలోపే ఆన్‌లైన్‌లో ఒక ఫారం నింపాలి, అందులో బస చేసే చిరునామా అడుగుతారు. హోటలు పేరే తెలియనివాడు ఆ గడిలో ఏం రాస్తాడు? సువర్ణభూమి విమానాశ్రయం నుంచి ఊళ్లోకి 2010లో రైలు వేశారు. చివరి స్టేషన్ ఫయా థాయ్. అరగంటలోపు ప్రయాణం, టికెట్టు 45 బాత్‌లు. అక్కడ దిగి 1999 నుంచి నడుస్తున్న స్కైట్రెయిన్ ఎక్కొచ్చు. ఫయా థాయ్‌కి ముందు స్టేషన్ రాచప్రారోప్‌లో దిగితే బట్టల వ్యాపారానికి పేరుపడ్డ ప్రతునామ్ నడిచి వెళ్లేంత దూరం. అంటే ఈ రెండు స్టేషన్ల చుట్టుపక్కల రూము తీసుకున్నవాళ్లకి విమానాశ్రయం, బజారు, సిటీ రైలు మూడూ అందుబాటులో ఉంటాయి. రాత్రికి ఆరేడు వందలు కలిసొస్తుందని ఊరి చివర హోటలు పుచ్చుకున్నవాళ్లు, వెళ్లడానికొక గంట, రావడానికొక గంట కారులోనే కూర్చుంటారు. సాయంత్రం ట్రాఫిక్‌లో ఇంకా ఎక్కువే. రోజుకి రెండు గంటల చొప్పున నాలుగు రోజులకి ఎనిమిది గంటలు, అంటే ఒక పగలంతా పోయినట్టే. విమానం టికెట్టుతో కలిపి ఆ పగలుకి పడ్డ ఖరీదు ఎంతో చూస్తే మిగిలిన ఆరేడు వందలు ఏ మూలకి?

హైదరాబాద్ నుంచి బ్యాంకాక్ విమానాలు చాలావరకు రాత్రిపూట బయల్దేరి తెల్లవారుజామున దించుతాయి. హోటలువాడు రూము తాళం ఇచ్చేది మధ్యాహ్నం రెండింటికి. ఊళ్లో రూమైతే పెట్టెలు కౌంటర్ దగ్గర పడేసి బజారు మీద పడొచ్చు. ఊరి చివరైతే లాబీ సోఫాలో కునికిపాట్లు పడాలి. చౌక విమానాలు కొన్ని సువర్ణభూమిలో కాక డాన్ మువాంగ్‌లో దిగుతాయి, అది ఊరికి ఇంకో దిక్కు. టికెట్టు మీద ఏ విమానాశ్రయమో చూడకుండా రూము తీసుకోవడమూ ఇలాంటి పొరపాటే.

షాపింగు దగ్గర ఈ లెక్క ఇంకా తేటగా కనిపిస్తుంది. చతుచక్ సంత ప్రధానంగా శని, ఆదివారాల్లోనే. ప్యాకేజీలో ముందు పట్టాయా, తర్వాత బ్యాంకాక్ అని ఉంటే, ఆ రెండు రాత్రులు సోమ, మంగళవారాల్లో పడితే సంత లేనట్టే. కాబట్టి వారం చూసుకున్నాకే తేదీ ఖాయం చేసుకోవాలి. ప్రతునామ్‌లో, పక్కనే ప్లాటినమ్ మాల్‌లో ఒక్కటి కొంటే ఒక రేటు, అదే కొట్లో మూడో నాలుగో కలిపి తీసుకుంటే హోల్‌సేల్ రేటు. ఆ సౌకర్యం వాడుకోవాలంటే మొదటి రోజు చూసి, రెండో రోజు కొని, సంచులు రూములో పెట్టి మళ్లీ వెళ్లగలగాలి. గైడు గంటన్నర టైమిచ్చి బస్సు దగ్గరికి రమ్మంటే అది కుదరదు. ఆ గైడు తనంతట తాను ఆపే కొట్లు వేరే ఉంటాయి: రాళ్ల నగలు, తోలు సంచులు, తేనె. ప్యాకేజీ అంత చౌకగా ఎలా వస్తోందన్నదానికి జవాబులో కొంత ఆ కొట్లలోనే ఉంది. చైనా యాత్రికుల్ని నామమాత్రం ధరకి తీసుకొచ్చి, ఒప్పందం ఉన్న దుకాణాల్లో ఎక్కువ రేట్లకి అంటగట్టే ‘జీరో డాలర్’ టూర్ల మీద థాయ్ ప్రభుత్వం 2016లో దాడులు చేసి బస్సుల్ని స్వాధీనం చేసుకుంది. గుంటూరు మిర్చి యార్డుకి టిక్కీలు తోలే రైతుకి కమీషన్ ఎవరి జేబులోంచి వస్తుందో ఒకరు చెప్పక్కర్లేదు. అదే రైతు బ్యాంకాక్ బస్సులో కూర్చోగానే ఆ ప్రశ్న వేయడం మానేస్తాడు.

సింగపూర్ సంగతి వేరు, అక్కడ రూమే అతి పెద్ద ఖర్చు. గన్నవరం నుంచి సింగపూర్‌కి నేరు విమానం 2018 డిసెంబరులో మొదలై, మరుసటి ఏడే ఆగిపోయి, 2025 నవంబరు 15న వారానికి మూడు రోజుల సర్వీసుగా మళ్లీ వచ్చింది. పేట వాళ్లకి ఇది శుభవార్తే. కానీ వారానికి మూడే రోజులు ఎగిరే విమానమైతే ఎన్ని రాత్రులు ఉండాలో మనం కాదు, దాని టైంటేబులు చెబుతుంది. మూడు రాత్రులు చాలనుకున్నవాళ్లు నాలుగు ఉండాల్సి వస్తే, ఆ నాలుగో రాత్రి అద్దె టికెట్టులో మిగిలినదాన్ని మింగేయొచ్చు. అందుకే ముందు రూము రేటు, తర్వాతే విమానం. చోటు విషయంలో నా ఓటు లిటిల్ ఇండియాకి. చాంగీ విమానాశ్రయంలో రైలెక్కి ఎక్స్‌పోలో మారితే డౌన్‌టౌన్ లైను నేరుగా అక్కడికే వస్తుంది. సెరంగూన్ రోడ్డు మీద శ్రీనివాస పెరుమాళ్ గుడి, ఫారర్ పార్క్ స్టేషన్ పక్కన అర్ధరాత్రి దాటాక కూడా తెరిచి ఉండే ముస్తఫా సెంటర్, అడుగడుక్కీ ఇడ్లీ దోసెలు. గదులు ఇరుకే, కాదనను. ఫోన్‌లో చౌకగా అపార్ట్‌మెంట్ కనిపించిందని మాత్రం ఉబ్బిపోవద్దు: సింగపూర్‌లో ప్రైవేటు ఇళ్లని మూడు నెలల కంటే తక్కువకి అద్దెకివ్వడం చట్టవిరుద్ధం. కౌలాలంపూర్‌లో లిటిల్ ఇండియా సూత్రమే బ్రిక్‌ఫీల్డ్స్‌కి వర్తిస్తుంది. పక్కనున్న కేఎల్ సెంట్రల్‌కి విమానాశ్రయం నుంచి ఎక్స్‌ప్రెస్ రైలు 28 నిమిషాల్లో వస్తుంది.

‘ఇదంతా ఇంగ్లీషు వచ్చిన కుర్రాళ్లకి సరే, అత్తామామల్ని తీసుకెళ్లేవాళ్లకి ప్యాకేజీయే నయం’ అనేవాళ్లున్నారు. ఆ మాటలో నిజముంది. ఆరుగురు పెట్టెలతో దిగితే రైలు టికెట్లకే 270 బాత్‌లు, పైగా ఎస్కలేటర్లు, మారడాలు. అప్పుడు వ్యాను మాట్లాడుకోవడమే తెలివి. అయితే మోకాళ్ల నొప్పులున్నవాళ్లకే దగ్గరి రూము అవసరం ఎక్కువ. మధ్యాహ్నం భోంచేసి రెండు గంటలు నడుం వాల్చి సాయంత్రం మళ్లీ బయటికి రావాలంటే రూము పక్కనే ఉండాలి. బస్సు ప్యాకేజీలో పొద్దున తొమ్మిదికి ఎక్కినవాళ్లు రాత్రి భోజనం అయ్యాకే దిగుతారు. ప్యాకేజీ తీసుకోండి, హోటలు పేరు కాగితం మీద రాయించుకున్నాకే డబ్బు కట్టండి. పేరు చెప్పనివాడు చోటు చెప్పనట్టే. విదేశీ ప్యాకేజీ మీద వసూలు చేసే టీసీఎస్ పన్నుకి రసీదు తీసుకుంటే అది ఆదాయపు పన్ను లెక్కలో సర్దుబాటవుతుంది. చాలామంది దాన్ని ఏజెంటుకి దానంగా వదిలేస్తున్నారు.

‘అన్నీ ఇక్కడే దొరుకుతుంటే అక్కడ కొనడమెందుకు’ అన్నది ఇంకో అభ్యంతరం. వస్తువును బట్టి జవాబు. ఒకప్పుడు బ్యాంకాక్ వెళ్లినవాళ్లు టీవీ మోసుకొచ్చేవాళ్లు. 2013 ఆగస్టులో ఫ్లాట్ టీవీలకి ఉచిత పరిమితి తీసేశాక ఆ ముచ్చట తీరిపోయింది. బంగారం మీద సుంకాన్ని 2024 జూలైలో 15 నుంచి 6 శాతానికి తగ్గించాక దానిలో ఆకర్షణా తగ్గింది. పైగా నగల మినహాయింపు ఏడాదికి పైగా విదేశంలో ఉండి వచ్చినవాళ్లకే తప్ప నాలుగు రోజుల యాత్రికులకి లేదు. సుంకం లేని సామాను పరిమితి ఎవరిది వాళ్లదే, కుటుంబమంతా కలిపి లెక్క వేయరు. బట్టలు, చెప్పులు, పిల్లల వస్తువులు కొనుక్కోవచ్చు. సింగపూర్‌లో జీఎస్టీ 9 శాతం, పథకంలో ఉన్న కొట్లలో 100 డాలర్లు దాటితే రుసుము పోను తిరిగిస్తారు. బ్యాంకాక్‌లో పన్ను 7 శాతం, వాపసుకి ఒక కొట్లో ఒకరోజు 2,000 బాత్‌లు దాటాలి. ప్రతునామ్ వీధి కొట్లలో పన్ను వాపసు కాగితం అడిగితే నవ్వుతారు.

ఇంటి దగ్గర లెక్కా పల్నాడు జిల్లా అంతా ఒకటి కాదు. పేట నుంచి గన్నవరం సుమారు వంద కిలోమీటర్లు. మాచర్ల వాళ్లు మాత్రం సాగర్ రోడ్డున ఇబ్రహీంపట్నం దాటి బొంగులూరు దగ్గర ఔటర్ రింగ్ రోడ్డు ఎక్కితే, హైదరాబాద్ ఊళ్లోకి పోకుండానే శంషాబాద్ చేరతారు. గురజాల వాళ్లు నడికుడి మీదుగా రైల్లో సికింద్రాబాద్ చేరితే మళ్లీ ఊరంతా దాటాలి, కారే మేలు. ఇక ఎప్పుడు వెళ్లాలి? మిర్చి డబ్బు చేతికొచ్చి పిల్లలకి సెలవులిచ్చే ఏప్రిల్‌లోనే 13 నుంచి 15 దాకా థాయ్ కొత్త సంవత్సరం, సోంగ్‌క్రాన్. ఆ మూడు రోజులు వీధుల్లో నీళ్లు చల్లుకునే సంబరం, చిన్న కొట్లు చాలావరకు మూత. సంక్రాంతికి అక్కడ వాతావరణం బాగుంటుంది, రూములు మండిపోతాయి. దసరాకి వానలు, రూములు చౌక. చిట్ లోమ్ స్కైట్రెయిన్ స్టేషన్ నుంచి ప్రతునామ్ వైపు వంతెన లాంటి కాలిబాట ఉంది కాబట్టి, రూము ఆ పక్కనే తీసుకున్నవాళ్లు దసరాకి నిశ్చింతగా వెళ్లిరావచ్చు.