చమురు కంపెనీలకు డాలర్ల చేబదులు

2013 ఆగస్టు 28న ముంబై విదేశీ మారక మార్కెట్లో డాలర్ ధర 68 రూపాయల 80 పైసలకు చేరింది. మే నెల మొదట్లో అదే డాలర్ 55 రూపాయలలోపే దొరికింది. అమెరికా కేంద్ర బ్యాంకు తాను కుమ్మరిస్తున్న డబ్బును తగ్గించబోతున్నట్టు సూచన ఇచ్చిన నాటి నుంచి విదేశీ పెట్టుబడులు వెనక్కి మళ్లాయి. బంగారం మీద దిగుమతి సుంకం 10 శాతానికి పెంచినా రూపాయి నిలవలేదు. ఆ రోజు పొద్దుపోయాక రిజర్వు బ్యాంకు చిన్న ప్రకటన చేసింది. ఇండియన్ ఆయిల్, హిందుస్థాన్ పెట్రోలియం, భారత్ పెట్రోలియం సంస్థలకు రోజూ కావలసిన డాలర్లన్నీ తానే సర్దుతానంది. మర్నాడు మార్కెట్ ముగిసేసరికి డాలర్ 66 రూపాయల 55 పైసలకు దిగింది. ఒక్క రోజులో రెండు రూపాయల పైచిలుకు తేడా!

మూడు కంపెనీలు బజారుకు రాకపోతే ఇంత మార్పా అనిపించవచ్చు. సంతకు రోజూ వచ్చి సరుకులో పెద్ద వాటా ఎత్తుకెళ్లే బేరగాడు ఒకడుంటే, అతను కనబడగానే అమ్మేవాళ్లు ధర పెంచుతారు. తక్కినవాళ్లు తమకు మిగలదేమోనన్న కంగారుతో ముందే కొనేస్తారు. భారత డాలర్ సంతలో ఆ బేరగాడు చమురు కంపెనీయే. అప్పట్లో ఈ మూడు సంస్థలకూ కలిపి రోజుకు 40 కోట్ల డాలర్లకు తక్కువ కాకుండా కావలసి వచ్చేది. ధర నచ్చలేదని కొనడం మానుకునే వీలు వాటికి లేదు. విశాఖ రేవులో ముడిచమురు ఓడ దిగాక సొమ్ము చెల్లించి తీరాలి. పైగా పెట్రోలు, డీజిలు అమ్మితే వచ్చేవి రూపాయలు. జామ్‌నగర్ నుంచి డీజిలు ఎగుమతి చేసే రిలయన్స్‌కు డాలర్లలో రాబడి ఉంది. దేశం లోపలే అమ్ముకునే ప్రభుత్వ సంస్థలకు ఆ ఆసరా తక్కువ.

ఆ ఏడాది జూలైలోనే రిజర్వు బ్యాంకు ఇంకో మార్గం ప్రయత్నించింది. డాలర్లను ఒకే ప్రభుత్వ రంగ బ్యాంకు ద్వారా కొనమని చమురు సంస్థలకు చెప్పింది. పైకి ఇది గుమాస్తా పనిలా కనిపిస్తుంది గానీ, దాని వెనక గట్టి తర్కం ఉంది. అంతకుముందు ఒక కంపెనీకి 10 కోట్ల డాలర్లు కావాలంటే నాలుగైదు బ్యాంకులను ధర అడిగేది. అడిగిన ప్రతి బ్యాంకూ ఆ బేరం తనకే వస్తుందనుకుని మార్కెట్లో ఆరా తీసేది. ఉన్నది ఒకే గిరాకీ అయినా నాలుగైదు గిరాకీలుగా వినిపించేది. చౌకగా కొనాలన్న కంపెనీ జాగ్రత్తే దేశం మొత్తానికి డాలర్‌ను ప్రియం చేసేది. ఎవరి తప్పూ లేకుండానే నష్టం జరిగే ఇలాంటి చోటే నిబంధన అవసరమవుతుంది.

ఆగస్టులో తెరిచిన ఏర్పాటును స్వాప్ అంటారు. మన ఇళ్లలో మాటగా చెప్పాలంటే చేబదులు. రిజర్వు బ్యాంకు ఈ రోజు రూపాయలు తీసుకుని డాలర్లిస్తుంది. గడువు తీరాక కంపెనీ ఆ డాలర్లను తిరిగిచ్చి రూపాయలు పుచ్చుకుంటుంది. అంటే చమురు కంపెనీ డాలర్లు కొనక తప్పదు. కాకపోతే భయం ముదిరిన రోజున కాకుండా, వేడి తగ్గాక కొంటుంది. ఇది మందు కాదు, గడువు మాత్రమే. అప్పటికి రూపాయి ఇంకా పడి ఉంటే బాకీ ఇంకా బరువయ్యేది కాబట్టి, ఈ గడువులో ప్రమాదమూ ఉంది. ఆ గడువును రిజర్వు బ్యాంకు వృథా చేయలేదు. సెప్టెంబరులో ప్రవాస భారతీయుల డాలర్ డిపాజిట్ల కోసం బ్యాంకులకు మరో స్వాప్ సదుపాయం కల్పించింది. బ్యాంకులు విదేశాల్లో తెచ్చిన అప్పులతో కలిపి ఆ దారిలో 3,400 కోట్ల డాలర్ల దాకా వచ్చాయి. నవంబరు నాటికి చమురు కంపెనీలు విడతలవారీగా మళ్లీ మార్కెట్‌కు చేరాయి.

ఆగస్టు ప్రకటన వెలువడినప్పుడు గవర్నరు ఏలూరులో పుట్టిన దువ్వూరి సుబ్బారావు. పదవిలో అవి ఆయన చివరి రోజులు. మరో వారానికి రఘురామ్ రాజన్ బాధ్యతలు తీసుకున్నారు. సుబ్బారావుకు ముందు గవర్నరుగా ఉన్న కడప జిల్లావాసి వై.వి. రెడ్డి కూడా తన పదవీకాలం చివర్లో ఇలాంటి చిక్కునే ఎదుర్కొన్నారు. ఆ కథ ఇంకా విచిత్రమైనది.

2008 వేసవిలో ముడిచమురు బ్యారెల్ 130 డాలర్లు దాటి, జూలైలో 147 డాలర్లను తాకింది. పెట్రోలు, డీజిలు, వంటగ్యాసు ధరలను ప్రభుత్వం అదుపులో ఉంచడంతో కంపెనీలు కొన్న ఖరీదుకన్నా తక్కువకే అమ్మేవి. ఆ లోటుకు ప్రభుత్వం నగదు ఇవ్వకుండా చమురు బాండ్లనే కాగితాలు చేతిలో పెట్టింది. ఆ కాగితాలు చూపితే సౌదీ అరేబియా ముడిచమురు ఇవ్వదు. దేశంలో అమ్ముదామన్నా వాటిని కొనేవారు పెద్దగా లేరు. జూన్ మొదటి వారంలో రిజర్వు బ్యాంకు దీనికి ప్రత్యేక ఏర్పాటు చేసింది. నిర్ణీత బ్యాంకుల ద్వారా ఆ బాండ్లను రోజుకు 1,000 కోట్ల రూపాయల పరిమితికి లోబడి కొని, వాటి విలువకు సరిపడా డాలర్లు సర్దింది. ఆగస్టు దాకా ఇది నడిచింది. బంకు దగ్గర స్కూటరు నిలిపి లీటరు పోయించుకున్నవారు తక్కువ ధరే చెల్లించారు. మిగిలిన ధర బాండ్ల రూపంలో ప్రభుత్వ బాకీగా ఏళ్ల తరబడి నిలిచింది. ఈ రచయిత దృష్టిలో 2013 నాటి చేబదులుకన్నా ఇదే పెద్ద హెచ్చరిక. అక్కడ డాలర్లకు గిరాకీ ఒక రోజు నుంచి మరో రోజుకు జరిగింది. ఇక్కడ చమురు ఖరీదే కనుమరుగైంది.

అంతకుముందు పద్ధతి వేరు. 1973 నాటి విదేశీ మారక నియంత్రణ చట్టం కింద డాలర్ ఖర్చు పెట్టాలంటే అనుమతి కావాలి. 1990లో ఇరాక్ కువైట్‌ను ఆక్రమించుకోగానే చమురు ఖరీదు పెరిగి, అనుమతులున్నా డాలర్లే కరవయ్యాయి. 1991 జూలైలో దాదాపు 47 టన్నుల బంగారాన్ని రిజర్వు బ్యాంకు విదేశాల్లో కుదువ పెట్టింది. 2000 జూన్‌లో అమల్లోకి వచ్చిన ఫెమా (విదేశీ మారక నిర్వహణ) చట్టంతో భాష మారింది. నియంత్రణ పోయి నిర్వహణ వచ్చింది.

అయినా ప్రతి సడలింపూ ఫలించదు. 2018 అక్టోబరులో చమురు మళ్లీ ప్రియమై రూపాయి జారుతుంటే, ప్రభుత్వ చమురు సంస్థలు మొత్తం 1,000 కోట్ల డాలర్ల వరకు విదేశాల్లో అప్పు తెచ్చుకోవచ్చని రిజర్వు బ్యాంకు అనుమతించింది. మారకపు నష్టానికి రక్షణ కొనాలన్న నిబంధననూ వాటికి ఎత్తేసింది. కొద్ది రోజులకే డాలర్ 74 రూపాయలు దాటింది.

అసలు డాలరే లేకుండా చమురు కొనవచ్చా? ఇరాన్‌తో ఆ ప్రయోగం జరిగింది. ఆసియా దేశాల ఉమ్మడి చెల్లింపుల ఏర్పాటు అయిన ఆసియా క్లియరింగ్ యూనియన్ ద్వారా ఇరాన్‌కు చమురు డబ్బు చెల్లించడాన్ని 2010 డిసెంబరులో రిజర్వు బ్యాంకు ఆపింది. 2012లో కోల్‌కతాలోని యూకో బ్యాంకులో ఖాతా తెరిచి, చమురు విలువలో 45 శాతాన్ని రూపాయల్లో జమ చేసే పద్ధతి వచ్చింది. ఆ రూపాయలతో ఇరాన్ ఇక్కడి బియ్యం, మందులు కొనుక్కుంది. ఆ దేశానికి మన సరుకు కావాలి గనుక లెక్క కొంతవరకు కుదిరింది.

రష్యా దగ్గర అంత సాఫీగా కుదరలేదు. అంతర్జాతీయ వాణిజ్యాన్ని రూపాయల్లో పరిష్కరించుకునే వీలు కల్పిస్తూ 2022 జూలైలో రిజర్వు బ్యాంకు నిబంధనలిచ్చింది. రష్యా మనకు అమ్మేది ఎక్కువ, మన దగ్గర కొనేది తక్కువ. భారతీయ బ్యాంకుల్లో వందల కోట్ల రూపాయలు పోగుపడ్డాయనీ, వాటిని వాడుకోవాలంటే మరో కరెన్సీలోకి మార్చాల్సి ఉంటుందనీ 2023 మేలో గోవాకు వచ్చిన రష్యా విదేశాంగ మంత్రి లావ్రోవ్ అన్నారు. అదే ఏడాది ఆగస్టులో ఇండియన్ ఆయిల్ అబుధాబి చమురు సంస్థ నుంచి 10 లక్షల బ్యారెళ్లు కొని రూపాయల్లో చెల్లించింది. రోజుకు 50 లక్షల బ్యారెళ్లకు పైగా వాడే దేశానికి అది కొన్ని గంటల చమురు.