గూడ్సు పెట్టె మీద రాతలు

అమెరికాలో కారు నడిపేవాళ్ళందరికీ తెలిసిన అవస్థ ఒకటుంది. తెలుగు బడికి ఆలస్యమవుతోందని హడావిడిగా వెళ్తుంటే, సరిగ్గా మన కారు వచ్చేసరికి రైల్వే గేటు పడుతుంది. గూడ్సు బండి! నూరో నూటపాతికో పెట్టెలు, పెళ్ళిభోజనాల ఆఖరి బంతిలా ఎంతకీ తెమలదు. ముందు సీట్లో పెద్దవాళ్ళు విసుక్కుంటారు, వెనక సీట్లో పిల్లలు పెట్టెలు లెక్కపెడతారు. నన్నడిగితే పిల్లలు చేసే పనే మంచిది. లెక్కపెట్టడంతో పాటు పెట్టెల మీద రాసింది కూడా చదివితే ఇంకా బాగుంటుంది. ఆ రాతలు ఎలా చదవాలో, వాటి వెనకున్న నియమాలేమిటో, ఆ నియమాలను పట్టుకుని ఇంటి బేస్‌మెంట్లలో చిన్న చిన్న రైళ్ళు నడిపేవాళ్ళ సంగతేమిటో ఈ వ్యాసంలో చెప్తాను.

ముందు పెట్టెకి ఎడమ పక్కన పెద్ద అక్షరాలు చూడండి. రెండు నుంచి నాలుగు అక్షరాలు, వాటి కింద ఒక నంబరు. ఆ అక్షరాలు పెట్టె యజమాని ఎవరో చెప్తాయి. యు.పి. అంటే యూనియన్ పసిఫిక్, బి.ఎన్.ఎస్.ఎఫ్. అంటే బర్లింగ్టన్ నార్తర్న్, శాంటా ఫే కలిసిన కంపెనీ. చివరి అక్షరం ఎక్స్ అయితే ఆ పెట్టె రైల్వే కంపెనీ పేరున లేదని అర్థం. పసుపు రంగు టి.టి.ఎక్స్. పెట్టెలు అలాంటివే. ఎప్పుడో విలీనమై మాయమైపోయిన కంపెనీల అక్షరాలు కూడా ఇంకా తిరుగుతూ కనిపిస్తాయి. కంపెనీ పోయినా పెట్టె పోలేదు మరి.

ఇండియాలో పెరిగినవాళ్ళకి ఇది కొంచెం వింతగా ఉంటుంది. కాజీపేటలోనో బెజవాడలోనో ప్లాట్‌ఫారం మీద నిలబడి చూసిన గూడ్సు బండిలో దాదాపు అన్ని వ్యాగన్లూ భారతీయ రైల్వేలవే. అక్కడ వ్యాగన్ మీద 11 అంకెల నంబరుంటుంది. వ్యాగన్ రకం, ఏ జోన్‌ది, ఏ సంవత్సరం తయారైంది, దాని సొంత నంబరు, చివర తప్పు పట్టుకోవడానికి ఒక అంకె. ఇక్కడ అలా కాదు. ఒకే బండిలో పది మంది యజమానుల పెట్టెలుంటాయి. ఒకరి పెట్టె ఇంకొకరి పట్టాల మీద, మూడో కంపెనీ ఇంజను వెనక, కాలిఫోర్నియా నుంచి న్యూజెర్సీ దాకా పోతుంది. పోటీదారులు ఒకరి ఆస్తిని ఒకరు నమ్మి అప్పగించుకోవాలంటే నియమాలు కావాలి. వాటిని ఇంటర్‌చేంజ్ రూల్స్ అంటారు. 1867లో ఏర్పడిన మాస్టర్ కార్ బిల్డర్స్ అసోసియేషన్ వాటిని రాయడం మొదలుపెట్టింది. 1934 నుంచి అసోసియేషన్ ఆఫ్ అమెరికన్ రైల్‌రోడ్స్ చూస్తోంది.

మొదట్లో ఇది అసలు సాధ్యమే కాదు. పట్టాల మధ్య వెడల్పు ఒక్కో చోట ఒక్కోలా ఉండేది. దక్షిణాది రాష్ట్రాల్లో ఎక్కువగా 5 అడుగులు. సరుకంతా ఒక పెట్టెలోంచి దించి ఇంకో పెట్టెలోకి ఎక్కించాల్సిందే. 1886లో మే 31, జూన్ 1, ఈ రెండు రోజుల్లో దక్షిణాది కంపెనీలు సుమారు 11,500 మైళ్ళ దారిలో ఒక పక్క పట్టాని 3 అంగుళాలు లోపలికి జరిపేశాయి. రెండే రోజులు! మా వీధి మలుపులో చిన్న గొయ్యి పూడ్చడానికి మూడు నెలలు పట్టింది, అది వేరే విషయం.

పట్టాలు కలిశాయి కానీ పెట్టెలు కలిపే పద్ధతి మాత్రం ఘోరంగా ఉండేది. పిల్లలూ, ఈ భాగం జాగ్రత్తగా చదవండి. అప్పట్లో ప్రతి పెట్టె చివర ఒక ఇనప బొరియ ఉండేది. గొలుసులో ఒక లంకెలాంటి ఇనప కడియాన్ని అందులో పెట్టి, పైనుంచి మేకు దించేవారు. రెండో పెట్టె కదులుతూ వస్తుంటే బ్రేక్‌మన్ ఆ రెంటి మధ్యా నిలబడి, కడియాన్ని చేత్తో ఎత్తి పట్టుకుని అవతలి బొరియలోకి దూర్చాలి. చెయ్యి తియ్యడం ఒక్క క్షణం ఆలస్యమైతే వేళ్ళు పోయేవి. కాలు జారితే మనిషే పోయేవాడు. కొత్తగా పనికి వచ్చినవాడి అనుభవం తెలుసుకోవాలంటే చేతికి ఎన్ని వేళ్ళు లేవో చూస్తే చాలని అప్పట్లో చెప్పుకునేవారు. బ్రేకులు వెయ్యడం కూడా చేతిపనే. కదిలే బండి పైకప్పుల మీద, వానలో, మంచులో, ఒక పెట్టె నుంచి ఇంకో పెట్టెకి దూకుతూ చక్రాలు తిప్పాలి.

దీనికి మందు లేక కాదు. గాలితో పనిచేసే బ్రేకుని జార్జ్ వెస్టింగ్‌హౌస్ 1869లోనే తయారుచేశాడు. వర్జీనియాలో ఒక బట్టల కొట్టు గుమాస్తాగా పనిచేసిన ఈలై జానీ 1873లో కొత్త కప్లర్‌కి పేటెంటు తీసుకున్నాడు. మీ రెండు చేతుల వేళ్ళూ కొంచెం ముడిచి ఒకదానికొకటి తగిలించండి. అదే జానీ కప్లర్. పెట్టెలు ఢీకొనగానే తనంతట తనే బిగుసుకుంటుంది, మధ్యలో మనిషి నిలబడక్కర్లేదు. కానీ ఒక్క కంపెనీ మారిస్తే లాభం లేదు కదా! పెట్టెలు దేశమంతా తిరుగుతాయి. అవతలి పెట్టెకి పాత బొరియే ఉంటే రెండు రకాలూ కలపడం ఇంకా ప్రమాదం. పైగా ఖర్చు. అందుకని ఎవరికి వారు పక్కవాడి వంక చూస్తూ కూర్చున్నారు. లోరెంజో కాఫిన్ అనే అయోవా రైతు రైల్వే ఉద్యోగి కాకపోయినా ఏళ్ళ తరబడి ఊరూరా తిరిగి, ఉత్తరాలు రాసి, చట్టం కోసం పోరాడాడు. చివరికి 1893 మార్చి 2న అధ్యక్షుడు బెంజమిన్ హారిసన్ సేఫ్టీ అప్లయన్స్ చట్టం మీద సంతకం పెట్టాడు. ఆ సంవత్సరం జూన్‌తో ముగిసిన ఏడాదిలో పెట్టెలు తగిలిస్తూ, విప్పుతూ 433 మంది ఉద్యోగులు చనిపోయారు, 11 వేల మందికి పైగా గాయపడ్డారు. గడువు 1898 అన్నారు, తర్వాత 1900 దాకా పొడిగించారు. ఈ రోజు గేటు దగ్గర మనం చూసే కప్లర్ ఆ జానీ కప్లర్ వంశమే.

ఇక డబ్బు సంగతి. మీ పెట్టె నా లైను మీద విరిగితే ఎవరు బాగుచెయ్యాలి? నేనే చెయ్యాలి, బిల్లు మీకు పంపాలి. ఏ పనికి ఎంత తీసుకోవాలో ముందే పుస్తకంలో అచ్చేసి ఉంటుంది. నా మోటు వాడకం వల్ల విరిగితే మాత్రం ఖర్చు నాదే. అలాగే పరాయి పెట్టె నా దగ్గరున్నన్నాళ్ళూ అద్దె కట్టాలి. మొదట్లో మైళ్ళ లెక్కన కట్టేవారు. దాంతో పెట్టెని ఊరికే పక్కన పడేసి గోడౌనులా వాడుకున్నా అడిగేవాడు లేడు. 1902లో రోజుకి 20 సెంట్ల అద్దె పెట్టారు. అర్ధరాత్రి పన్నెండింటికి పెట్టె ఎవరి దగ్గరుంటే ఆ రోజు అద్దె వాళ్ళది! ఇంకేముంది, రాత్రి పదకొండున్నరకి పరాయి పెట్టెలన్నీ పోగుచేసి పక్క కంపెనీ యార్డులోకి తోసేసి రావడం ఒక నిత్యకృత్యమైపోయింది. నెలాఖరున సర్వర్ల అద్దె లెక్క చూసుకునే మన సాఫ్ట్‌వేర్ నాన్నలకి ఈ తొందర బాగానే అర్థమవుతుంది.

ఖాళీ పెట్టెకి మరో నియమం ఉంది. పరాయి పెట్టె ఖాళీ అయితే, వీలైతే దాని ఇంటివైపు వెళ్ళే సరుకే ఎక్కించి పంపాలి, లేదా వచ్చిన దారినే ఖాళీగా తిప్పి పంపాలి. సరుకు బాగా ఉన్న రోజుల్లో దీన్ని ఎవరూ పెద్దగా పట్టించుకునేవారు కాదనుకోండి.

ఇప్పుడు బొమ్మ రైళ్ళ దగ్గరికి వద్దాం. బొమ్మ అంటే ఆ అభిరుచి ఉన్నవాళ్ళకి కోపం వస్తుంది, మోడల్ అనాలి. ఎక్కువమంది వాడేది హెచ్.ఓ. స్కేలు, అంటే అసలు దానిలో 87వ వంతు. 40 అడుగుల పెట్టె ఐదున్నర అంగుళాలవుతుంది. స్థలం తక్కువైతే 160వ వంతు ఎన్ స్కేలు ఉంది. ఇక్కడా పాత కథే నడిచింది. ఒక్కో కంపెనీ బొమ్మ ఒక్కో రకంగా ఉండి, ఒకరి పెట్టె ఇంకొకరి పట్టాల మీద నడిచేది కాదు. 1935లో మిల్వాకీలో నేషనల్ మోడల్ రైల్‌రోడ్ అసోసియేషన్ పెట్టుకుని, చక్రాలకీ పట్టాలకీ కొలతలు ఖాయం చేసుకున్నారు. అసలు రైళ్ళవాళ్ళు దశాబ్దాలు పట్టి నేర్చుకున్న పాఠమే. పెట్టె బరువుకి కూడా సూత్రముంది. హెచ్.ఓ. స్కేల్లో ఒక ఔన్సు, దానికి అంగుళానికి అర ఔన్సు చొప్పున కలపాలి. ఐదున్నర అంగుళాల పెట్టె మూడుంముప్పావు ఔన్సులుండాలి. తక్కువైతే మలుపులో పట్టా తప్పుతుంది. ఇనప ముక్కో నాణేలో లోపల అతికించి సరిచేస్తారు. చిన్న కప్లర్లలో పేరున్నది కేడీ. కీత్, డేల్ అనే ఎడ్వర్డ్స్ కవల సోదరుల పేర్ల మొదటి అక్షరాలే ఆ పేరు.

అసలు సరదా ఇంకొకటి. మోడలర్లు ఒక సంవత్సరం ఎంచుకుంటారు. 1955 అనుకోండి, ఆ ఏడాదిలో లేనిదేదీ బల్ల మీద కనపడకూడదు. ఇక్కడే పాత నియమాలు పనికొస్తాయి. పెట్టె కింద చక్రాలుండే చట్రాన్ని ట్రక్కు అంటారు, లారీ అనుకునేరు. ఇనప బద్దీలు మేకులతో బిగించిన ఆర్చ్‌బార్ ట్రక్కులు విరిగి ప్రమాదాలయ్యేవి. 1941 నుంచి వాటిని పరాయి లైన్ల మీదికి రానివ్వలేదు. కాబట్టి 1955 బండిలో పరాయి పెట్టెకి ఆర్చ్‌బార్ ట్రక్కు ఉంటే చూసినవాళ్ళు నవ్వుతారు. సొంత లైను మీద తిరిగే పనిముట్ల పెట్టెకైతే పరవాలేదు, ఎందుకంటే ఆ నియమం ఇచ్చిపుచ్చుకునే పెట్టెలకే. బ్రేక్‌మన్ నడిచే పైకప్పు బల్లలు 1966 నుంచి కొత్త బాక్స్‌కార్లకి పెట్టడం మానేశారు. పాతవాటికి నెమ్మదిగా పీకేశారు. 1978లో ఒక రకం చక్రాలు పగులుతున్నాయని దేశంలో పెట్టెలన్నీ తనిఖీ చేసి, నల్లటి చదరంలో పసుపు చుక్క పెట్టారు. ఆ చుక్క ఉన్న మోడల్ పెట్టె 1975 బండిలో ఉండటానికి వీల్లేదు.

అలాంటిదే రంగుల గీతల పలక. 1967 నుంచి పెట్టెల పక్కన ఎరుపు, నీలం, తెలుపు, నలుపు గీతలతో ఒక లేబుల్ అతికించేవారు. పట్టాల పక్కనున్న యంత్రం దాన్ని చదివి నంబరు చెప్పేది. మన కిరాణా కొట్టు బార్‌కోడ్‌కి ఇది అన్నగారు. డేవిడ్ కాలిన్స్ అనే ఇంజనీరు దీని రూపకర్త. కానీ రైలు పెట్టె సబ్బు పెట్టెలా శుభ్రంగా ఉండదు కదా! దుమ్ము పట్టి సుమారు ఐదో వంతు లేబుళ్ళు చదవడానికి పనికిరాకపోయేసరికి 1978లో వదిలేశారు. 1990లలో రేడియో ట్యాగులు వచ్చాక గానీ ఆ కల నెరవేరలేదు.

ఇన్ని పెట్టెలూ బేస్‌మెంట్‌లో ఊరికే గుండ్రంగా తిరిగితే రెండు రోజుల్లో విసుగు పుడుతుంది. అందుకని 1961లో డగ్ స్మిత్ అనే ఆయన మోడల్ రైల్‌రోడర్ పత్రికలో ఒక పద్ధతి రాశాడు. ప్రతి పెట్టెకీ ఒక కార్డు, కార్డుకి ఒక జేబు, జేబులో ఒక చీటీ. చీటీ మీద ఈ పెట్టె ఏ మిల్లు నుంచి ఏ ఊరికి, ఏ సరుకుతో వెళ్ళాలో ఉంటుంది. చేరాక చీటీ తిప్పితే రెండో ప్రయాణం. అలా నాలుగు. ఆదివారం నలుగురు స్నేహితులు చేరి, ఒకరు డిస్పాచర్‌గా, ఒకరు యార్డు పెద్దగా, ఇద్దరు ఇంజనీర్లుగా కూర్చుని, ఏ పెట్టె ముందు, ఏది వెనక అని తలలు బద్దలుకొట్టుకుంటారు. మంచి లెక్కల పజిలే. మసాచుసెట్స్ ఇన్‌స్టిట్యూట్‌లో 1946లో పుట్టిన రైల్ క్లబ్బు కుర్రాళ్ళు బల్ల కింద టెలిఫోన్ రిలేలతో ఇలాంటి చిక్కుముడులు విప్పుతూనే కంప్యూటర్ల మీదికి వెళ్ళారు. హ్యాకర్ అన్న మాట నేటి అర్థంలో ప్రచారంలోకి రావడంలో వాళ్ళ పాత్ర పెద్దదే.

ఖర్చు మాటకొస్తే, ఈ సరదా ఒక పెట్టెతోనూ మొదలవుతుంది, ఇల్లు తాకట్టు దాకానూ పోతుంది. ఆడపిల్లలకి ఎందుకులే అనుకోకండి. లెక్కలు, వడ్రంగం, రంగులు, కరెంటు పని అన్నీ ఇందులో ఉన్నాయి. ఏ సంవత్సరమో ముందు తేల్చుకుని కొంటే డబ్బు వృథా కాదు.

గేటు దగ్గర చెయ్యడానికి పిల్లలకి ఒక పని. కారులోంచే సుమా, పట్టాల దగ్గరికి వెళ్ళకూడదు. పెట్టె నంబరు కింద రెండు సంఖ్యలుంటాయి. ఎల్.డి. ఎల్.ఎం.టి. అంటే ఎంత సరుకు ఎక్కించవచ్చో, ఎల్.టి. డబ్ల్యు.టి. అంటే ఖాళీ పెట్టె బరువెంతో, పౌన్లలో. రెండూ కూడండి. ఉదాహరణకి 2,00,300కి 62,700 కలిపితే 2,63,000 వస్తుంది. చాలా పెట్టెలకి ఇదే మొత్తం. కొంచెం కొత్తవాటికి 2,86,000. పట్టాలూ వంతెనలూ ఎంత బరువు ఆనుతాయో దాన్ని బట్టి పెట్టిన హద్దులివి. తర్వాత బి.ఎల్.టి. అన్న అక్షరాల పక్కన పెట్టె పుట్టిన నెల, సంవత్సరం వెతకండి. 1974 జూలై తర్వాత కట్టిన పెట్టె ప్రత్యేక అనుమతి లేకుండా పరాయి లైన్ల మీద 50 ఏళ్ళే తిరగాలి. 1980లో పుట్టిందైతే 2030 దాకా గడువుంది.