మ్యూజియంలో చప్పుడు

హైదరాబాద్ సాలార్‌జంగ్ మ్యూజియంలో పన్నెండు కావస్తుంటే చూడండి. అప్పటిదాకా దంతపు బొమ్మల ముందు, కత్తుల ముందు నిలబడ్డవాళ్లు ఒక్కొక్కరే జారుకుంటారు. అందరూ చేరేది గంటల గడియారం దగ్గరికే. బుల్లి తలుపు తెరుచుకుని గడ్డం బొమ్మ బయటికొచ్చి పన్నెండు దెబ్బలు కొడుతుంది. అంతసేపూ హాలంతా చెవులు రిక్కించి వింటుంది. బొమ్మ లోపలికి వెళ్లగానే మళ్లీ గోల మొదలు.

ఆ గోలకు పిల్లల్ని కసిరి లాభం లేదు, కసరాల్సింది గచ్చునీ గోడల్నీ. రాయి, సున్నం, అద్దం తమ మీద పడ్డ శబ్దాన్ని దాదాపు మొత్తం తిప్పికొడతాయి. అది గదిలో అటూ ఇటూ కొట్టుకుంటూ ఆలస్యంగా చస్తుంది. దీన్నే ప్రతినాదం అంటారు. దాని లెక్క తేలింది కూడా ఒక మ్యూజియంలోనే.

1895లో అమెరికాలో హార్వర్డ్ వాళ్ల ఫాగ్ ఆర్ట్ మ్యూజియంలో కొత్త ఉపన్యాసశాల కట్టారు. అందులో ఎవరేం చెప్పినా ఒక్క ముక్క అర్థమయ్యేది కాదు. నోట్లోంచి వచ్చిన మాట ఐదున్నర సెకన్లు గదిలోనే తిరిగేది, ఈలోగా వెనకనుంచి పది మాటలు దాని మీద పడేవి. సంగతేమిటో చూడమని వాలెస్ సబైన్ అనే కుర్ర భౌతికశాస్త్ర అధ్యాపకుడికి అప్పజెప్పారు. ఊరు సద్దుమణిగాక రాత్రిపూట ఆయన పక్క థియేటర్ కుర్చీల మెత్తలు మోయించుకొచ్చి గదిలో పరిచేవాడు. ఆర్గన్ గొట్టం ఊది ఆపి, మోత ఎంతసేపటికి అణిగిందో స్టాప్‌వాచ్‌తో కొలిచేవాడు. తను వేసుకున్న బట్టలు కూడా శబ్దాన్ని పీల్చుకుంటున్నాయని తెలిశాక, బట్టల సంగతి లెక్కలోకి తీసుకోని కొలతలు అవతల పారేశాడు! చివరికి తేలిన సూత్రం చాలా సులువు: గది ఘనపరిమాణం రెట్టింపైతే ప్రతినాదమూ రెట్టింపు, పీల్చుకునే గుణం రెట్టింపైతే అది సగం.

ఆ లెక్కన జనం నిండిన హాలు నిశ్శబ్దంగా ఉండాలి, ప్రతి మనిషీ నడిచే మెత్తే కదా. కానీ మెత్తలు మాట్లాడవు. చుట్టూ చప్పుడుంటే మనకు తెలియకుండానే గొంతు పెంచుతామని 1909లో ఫ్రెంచి వైద్యుడు ఎతియెన్ లాంబార్డ్ గమనించాడు. పక్కవాడూ పెంచుతాడు. హల్లులు బలహీనమైనవి, అచ్చుల మోతలో మునిగిపోతాయి. గైడు ‘కత్తి’ అంటే వెనకున్నవాడికి ‘పత్తి’ అని వినిపించినా ఆశ్చర్యం లేదు. అర్థం కాని గైడు దగ్గర ఎవరుంటారు? కాళ్లు పక్క గదికి లాగుతాయి.

కావాలని పెట్టే శబ్దం సంగతి వేరు. 2015లో లండన్ నేషనల్ గ్యాలరీ ఆరు బొమ్మలకు కళాకారుల చేత శబ్దాలు కట్టించింది. ఫిన్లండ్ సరస్సు చిత్రం ముందు క్రిస్ వాట్సన్ రికార్డు చేసిన ప్రకృతి ధ్వనులు వినిపించారు. బొమ్మను చూడనివ్వకుండా చెవిలో పోరేమిటని విమర్శకులు కొందరు విసుక్కున్నారు. నా ఓటు సగం వాళ్లకే. నీటి చప్పుడు వింటూ చూస్తే కన్ను నీటినే వెతుక్కుంటుంది, ఆకాశం సంగతి మరిచిపోతుంది.

సాలార్‌జంగ్‌లో ముసుగు రెబెక్కా అనే శిల్పాన్ని తీరిగ్గా చూడాలంటే పన్నెండు కొట్టే వేళే మంచిది, జనమంతా గడియారం దగ్గరుంటారు. మొదటి సాలార్‌జంగ్ 1876లో రోమ్ నుంచి తెచ్చిన ఆ బొమ్మ మీది మేలిముసుగు నిజం గుడ్డే అయితే కాస్త చప్పుడు పీల్చుకునేది. పాలరాయి కాబట్టి మన గుసగుసను మనకే తిప్పి పంపుతుంది.