పసివారికి ఆటే చదువు
అంగన్‌వాడీల్లో సమయాభావమే అడ్డంకి

న్యూఢిల్లీ: ఆరేళ్లలోపు పిల్లలకు ఆటే అసలైన చదువని జాతీయ విద్యావిధానం అంగీకరించింది. అయితే ఆ విధానం అమలు కావలసిన అంగన్‌వాడీ కేంద్రాల్లో ఆటకు వేళ చిక్కడమే కష్టంగా ఉంది.

2020లో ప్రకటించిన ఈ విధానం మూడు నుంచి ఎనిమిదేళ్ల వరకు గల వయసును 'పునాది దశ'గా గుర్తించింది. మెదడు ఎదుగుదలలో 85 శాతానికి పైగా ఆరేళ్లలోపే జరుగుతుందని పేర్కొంది. ఈ దశకు ఆటపాటలే ప్రధానంగా పాఠ్య ప్రణాళిక చట్రం 2022 అక్టోబర్‌లో వెలువడింది. బొమ్మలు, పజిళ్లు, కథల పుస్తకాలతో కూడిన 'జాదూయీ పిటారా' పెట్టెను 2023 ఫిబ్రవరిలో విడుదల చేశారు.

ఆటలో చదువు ఎలా సాగుతుందో పెద్దలకు వెంటనే కనిపించదు. చింతపిక్కలను, గవ్వలను వేర్వేరు కుప్పలుగా పోసే పిల్లకు లెక్కలకు ముందు కావలసిన పోలిక, వర్గీకరణ అలవడతాయి. మట్టిముద్ద పిసికే వేళ్లకు పెన్సిలు పట్టే పట్టు చిక్కుతుంది. దుకాణం ఆటలో బేరమాడేటప్పుడు మాట పెరుగుతుంది. తన వంతు వచ్చేదాకా ఆగే ఓర్పు వస్తుంది.

ఈ ఆలోచన మనకు కొత్తది కాదు. న్యాయవాద వృత్తిని విడిచిన గిజుభాయి బధేకా 1920లోనే గుజరాత్‌లోని భావనగర్‌లో బాలమందిర్ నెలకొల్పి, బెత్తం లేని బోధన సాగించారు. నర్సరీ ప్రవేశాలకు పరీక్షలు, ఇంటర్వ్యూలు రద్దు చేయాలని యశ్‌పాల్ కమిటీ 1993లో సిఫార్సు చేసింది.

అంగన్‌వాడీల్లో రోజుకు కనీసం రెండు గంటలు పూర్వ ప్రాథమిక విద్యకు కేటాయించాలన్నది 2023 మే నెలలో కేంద్రం ప్రారంభించిన 'పోషణ్ భీ పఢాయీ భీ' కార్యక్రమ లక్ష్యం. కానీ 1975 అక్టోబర్ 2న 33 ప్రాజెక్టులతో మొదలైన ఈ వ్యవస్థకు పౌష్టికాహారమే తొలి బాధ్యత. ఒక కార్యకర్త, ఒక సహాయకురాలు ఉండే కేంద్రంలో వంట, పిల్లల తూకాలు, టీకాల సమాచారం, ఫోన్‌లో వివరాల నమోదు పూర్తయ్యేసరికి పొద్దెక్కుతుంది. ఇంటర్ చదివిన కార్యకర్తలకు ఆరు నెలలు, అంతకంటే తక్కువ చదివినవారికి ఏడాది శిక్షణ ఇవ్వాలని విద్యావిధానం సూచించింది. శిక్షణతో పాటు పనిభారం తగ్గించడమూ అంతే అవసరం.

తల్లిదండ్రుల ఆత్రుత మరో చిక్కు. పలకపై అక్షరాలు కనిపించకపోతే చదువు సాగడంలేదని భావించి, అప్పుచేసైనా పిల్లలను ప్రైవేటు కాన్వెంట్లకు మార్చే కుటుంబాలున్నాయి. ఆ భారం ఎక్కువగా పడేది పేదలపైనే. పిల్లల ఆటలో ఏమి నేర్పుతున్నారో అంగన్‌వాడీలు తల్లులకు చూపగలిగితేనే కొత్త విధానానికి ఊళ్లలో ఆదరణ లభిస్తుంది.