జతకట్టని పురుగులు, చోటు మారే జన్యువులు

అమరావతి పరిసరాల నల్లరేగడి చేలలో ప్రత్తి ఆకు అడుగున చేరిన పేనుబంకను భూతద్దం కింద పరిశీలించిన విద్యార్థికి కనిపించేవన్నీ దాదాపు ఆడ పురుగులే. మన ఉష్ణమండల వాతావరణంలో ఈ పురుగు మగదానితో పని లేకుండా, గుడ్డు పెట్టకుండా, ఏడాది పొడవునా నేరుగా పిల్లలనే కంటుంది. పుట్టిన పిల్ల వారం పది రోజులలో తానే తల్లి అవుతుంది. తల్లి జన్యు పదార్థం ఇంచుమించు యథాతథంగా కూతురికి సంక్రమిస్తుంది. అదే చేలో కాయను తొలిచే గులాబీ రంగు పురుగు ఇందుకు పూర్తిగా భిన్నం. రెక్కల పురుగులు జతకట్టనిదే దానికి సంతానం లేదు. ఒకే చేనును పంచుకునే ఈ రెండింటిలో నిరోధక శక్తి పుట్టే తీరు, వ్యాపించే తీరు వేర్వేరు. ఆ తేడాను అర్థం చేసుకోవడానికి ట్రాన్స్‌పోజన్ల చరిత్ర కొంత తోడ్పడుతుంది.

జన్యు పదార్థంలో ఒక చోటు నుండి మరొక చోటుకు గెంతగల, తమ నకళ్లను తామే పెంచుకోగల డి.ఎన్.ఎ. ముక్కలే ట్రాన్స్‌పోజన్లు. 1940వ దశకంలో మొక్కజొన్న గింజల రంగులను పరిశీలిస్తూ బార్బరా మెక్‌క్లింటాక్ వీటిని కనుగొన్నారు. ఆమెకు నోబెల్ బహుమతి లభించింది 1983లో. పనికొచ్చే జన్యువు మధ్యలో ఇటువంటి ముక్క దూరితే ఆ జన్యువు చెడిపోవచ్చు. అందుచేత వీటిని జన్యు పదార్థంలోని పరాన్నజీవులుగా భావించడం పరిపాటి.

పరాన్నజీవి వ్యాపించాలంటే ఒకరి నుండి మరొకరికి చేరే దారి ఉండాలి. ఆ దారి లైంగిక ప్రత్యుత్పత్తేనని 1982లో డోనల్ హికీ వాదించారు. జతకట్టిన ప్రతిసారీ ట్రాన్స్‌పోజన్ కొత్త వంశంలో అడుగుపెడుతుంది. డ్రోసోఫిలా మెలనోగాస్టర్ ఈగలలో పి-మూలకం అనే ట్రాన్స్‌పోజన్ వేరొక జాతి ఈగ నుండి వచ్చి, కొన్ని దశాబ్దాలలోనే ప్రపంచమంతటా ఆ ఈగల సంతతులలో వ్యాపించింది. జతకట్టని జీవిలో ట్రాన్స్‌పోజన్ తన వంశంలోనే బందీ. ఆ లెక్కన అలైంగిక జీవులలో ఇవి తగ్గిపోవాలి. అయితే దీనికి ఎదురు వాదన కూడా అంతే బలమైనది. జన్యువుల పునఃసంయోజనం లేనిచోట చెడ్డ చొప్పింతలను ఏరివేసే వీలు తక్కువ కనుక అవి తరతరానికీ పేరుకుపోవాలి.

పరిశోధన ఫలితాలు ఈ రెంటిలో దేనికీ పూర్తిగా లొంగలేదు. వోల్బాకియా బాక్టీరియా వలన మగ పురుగులు లేకుండా వృద్ధి చెందే లెప్టోపిలినా క్లావిపెస్ అనే పరాన్న కందిరీగ వంశాన్ని, అదే జాతిలోని లైంగిక వంశంతో 2012లో పోల్చి చూశారు. అలైంగిక వంశంలో డి.ఎన్.ఎ. తరగతి ట్రాన్స్‌పోజన్లు ఎక్కువగా ఉన్నాయి. రెట్రో తరగతిలో మాత్రం, ఒకటి రెండు మూలకాలు మినహా, అటువంటి పెరుగుదల లేదు. టిమేమా అనే పుల్ల పురుగులలో ఐదు అలైంగిక జాతులను వాటి లైంగిక సోదర జాతులతో పోల్చిన 2022 నాటి అధ్యయనంలో చెప్పుకోదగిన తేడాయే లేదు. అంటే ట్రాన్స్‌పోజన్ల సంఖ్యను బట్టి తేల్చగలిగింది తక్కువ. విస్తరణ శాస్త్రవేత్తకు అంతకంటె ముఖ్యమైనది, అవి ఎక్కడ దూరాయన్నది.

బి.టి. ప్రత్తినే తీసుకొందాము. క్రై1ఏసీ విష ప్రోటీన్ పురుగు పేగులోని క్యాథెరిన్ అనే గ్రాహకానికి అతుక్కొని పనిచేస్తుంది. ఆ గ్రాహకం చెడితే విషానికి పట్టు చిక్కదు. అమెరికాలోని పొగాకు మొగ్గ పురుగులో ఈ జన్యువును చెడగొట్టినది ఒక రెట్రోట్రాన్స్‌పోజన్ అని 2001లో తేలింది. చైనాలోని గులాబీ రంగు పురుగులోనూ ఇటువంటి చొప్పింతే 2019లో బయటపడింది. మన దేశంలో బి.టి. ప్రత్తికి 2002లో అనుమతి లభించగా, 2010 నాటికి గుజరాత్‌లోని అమ్రేలీలో నిరోధక శక్తి గల గులాబీ రంగు పురుగు ఉన్నట్లు వెల్లడైంది.

ఈ నిరోధకత అంతర్గత లక్షణం. చెడిన జన్యువు రెండు ప్రతులూ ఉన్న పురుగే బి.టి. చేలో బ్రతుకుతుంది. 450 గ్రాముల బి.టి. విత్తన ప్యాకెట్టుతో పాటు 120 గ్రాముల నాన్ బి.టి. విత్తనాన్ని ఇచ్చింది ఇందుకే. ఆశ్రయ పంటలో పెరిగిన సాధారణ పురుగు నిరోధక పురుగుతో జతకడితే పుట్టే సంతానానికి ఒక ప్రతే చెడినది ఉంటుంది, కనుక అది చనిపోతుంది. గట్టు వెంబడి వేయవలసిన ఆ చిన్న ప్యాకెట్టును చాలామంది రైతులు పక్కన పడవేశారు. దాని పని ఏమిటో వారికి ఇంత వివరంగా చెప్పినవారూ తక్కువే.

పేనుబంక విషయంలో ఈ ఉపాయం పనిచేయదు. మిరపను కూడా ఆశించే మైజస్ పెర్సికే అనే పేనుబంకలో 2021లో ప్రకటించిన పరిశోధన ఇందుకు నిదర్శనం. ఆ పురుగుల సోడియం చానల్ జన్యువుకు రెండు ప్రతులలో ఒకటి నిరోధకమైనది, రెండవది సాధారణమైనది. నిరోధక లక్షణం అంతర్గతం కనుక బైఫెంత్రిన్ మందుకు ఆ పురుగు లొంగాలి. అయితే సాధారణ ప్రతిలో ఒక ట్రాన్స్‌పోజన్ దూరి దానిని అణచివేసింది. దాగి ఉన్న నిరోధక ప్రతి ఒక్కటే పనిచేయసాగింది. పురుగు మందుకు తట్టుకొంది.

జతకట్టే పురుగులో ఈ కలయిక మరుతరంలోనే విడిపోయేది. పైగా ఆ జన్యువు ప్రాణావసరం. చెడిన ప్రతులు రెండూ ఒకే పిల్లకు చేరితే అది బ్రతకదు. క్లోను పద్ధతిలో పెరిగే పేనుబంకలో విడిపోయే అవకాశమే లేదు. మందు తప్పించుకున్న ఒక్క తల్లి చాలు, దాని కూతుళ్లన్నీ అదే జంట ప్రతులతో పుడతాయి. పక్క చేలోని మందు సోకని పేనుబంక వీటితో పోటీ పడగలదే గాని జతకట్టి నిరోధకతను పలుచన చేయలేదు.

2021లో గుంటూరు, పల్నాడు ప్రాంతాల మిరపను దెబ్బతీసిన నల్ల తామర పురుగు ఈ రెండింటికీ నడుమ నిలుస్తుంది. ఫలదీకరణ చెందని గుడ్ల నుండి మగ పురుగులు, చెందిన వాటి నుండి ఆడ పురుగులు వస్తాయి. మగ పురుగుకు ఒకే ప్రతి జన్యువులు ఉంటాయి కనుక చొప్పింత చేసిన చెరుపు దాగదు, నిరోధకతా దాగదు. 1980వ దశకంలో కోస్తా ప్రత్తిని ముంచిన తెల్లదోమదీ ఇదే జనన విధానం.

కనుక నిరోధకత పరీక్షకు పురుగులను సేకరించే పద్ధతి కూడా మారాలి. ఒకే మొక్క మీది వంద పేనుబంకలు ఒకే తల్లి సంతానం కావచ్చు. అవి లెక్కకు వందే అయినా జన్యుపరంగా ఒకే నమూనా. దూరదూరంగా ఉన్న మొక్కల నుండి ఒక్కొక్కటి చొప్పున తీయడం మేలు. గులాబీ రంగు పురుగుకు మాత్రం వేర్వేరు కాయల నుండి తీసిన లార్వాలు దేనికది విడి నమూనాయే.